ఆనర్స్ డిస్క్రీట్ మ్యాథ్స్: ఖాళీ కాగితం మీద నిరూపణ రాయడం ఎలా నేర్చుకోవాలి

కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లు లెక్కల పేపర్ అనగానే సూత్రం గుర్తుపెట్టుకుని, విలువలు వేసి, జవాబు తేల్చడానికి సిద్ధమవుతారు. ఆనర్స్ డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ఆ పద్ధతి మొదటి వారం దాటి పనిచేయదు. ఇక్కడ ప్రశ్న "ఎంత?" అని కాదు, "ఎప్పుడూ అంతే అని ఎలా చెప్పగలరు?" అని ఉంటుంది. మామూలు కోర్సులోనూ పాఠాలు ఇవే: తర్కం, సమితులు, సంబంధాలు, గణితానుగమనం (ఇండక్షన్), లెక్కింపు, సంఖ్యా సిద్ధాంతం, గ్రాఫులు. ఆనర్స్‌లో మాత్రం దాదాపు ప్రతి ప్రశ్నకూ జవాబు ఒక నిరూపణే.

ఈ కోర్సులో తడబడేవాళ్లకు పాఠం అర్థం కావడం లేదనుకుంటే పొరపాటు. బోర్డు మీద నిరూపణ నడుస్తుంటే ప్రతి వరుసా సరిగ్గానే అనిపిస్తుంది. అదే పుస్తకం మూసి తెల్లకాగితం ముందు కూర్చుంటే మొదటి వాక్యమే రాదు. చదివి ఒప్పుకోవడం ఒక పని, రాయగలగడం మరో పని. మార్కులు రెండోదానికే. కింద చెప్పినవన్నీ ఆ రెండో పని కోసమే.

1. నిర్వచనాలకు వేరే నోటుబుక్ పెట్టండి

మొదటి క్లాసు రోజు నుంచే ఇది మొదలవ్వాలి. ప్రతి నిర్వచనం కింద మూడు రాయండి: దానికి సరిపోయే ఉదాహరణ ఒకటి, సరిపోనిది ఒకటి, సరిగ్గా అంచున ఉండేది ఒకటి. మూడోది అన్నిటికన్నా విలువైనది. అంచు అంటే 0, 1, శూన్య సమితి, ఒకే ఒక్క శీర్షం (గ్రాఫ్‌లో గీతలు కలిపే బిందువు) ఉన్న గ్రాఫ్ లాంటివి.

సరి సంఖ్య అంటే "2తో భాగిస్తే శేషం రానిది" అని రాసి ఊరుకోకండి. "ఎన్ = 2కె అయ్యేలా ఒక పూర్ణసంఖ్య కె ఉంటే, ఎన్ సరి సంఖ్య" అని రాయండి. నిరూపణలో మీరు పట్టుకుని ముందుకు వెళ్లేది ఆ కెనే. మొదటి రకం వాక్యంతో బుర్ర ఒప్పుకుంటుంది కానీ పెన్ను కదలదు.

అంచు ఉదాహరణకు ఒకటి చూద్దాం. 0ని 0 భాగిస్తుందా? చాలామంది వెంటనే కాదంటారు. నిర్వచనం తీయండి: బి = ఎ × కె అయ్యేలా ఒక పూర్ణసంఖ్య కె ఉంటే, ఎ అనేది బిని భాగిస్తుంది. 0 = 0 × 7 నిజమే కదా. కాబట్టి భాగిస్తుంది. సున్నాతో భాగహారం కుదరదన్న పాత జ్ఞాపకం ఇక్కడ అడ్డు రాకూడదు, ఎందుకంటే ఆ నిర్వచనంలో గుణకారమే ఉంది, భాగహారం లేదు. అలాగే 1ని ప్రధాన సంఖ్యల్లో ఎందుకు చేర్చలేదో కూడా రాసుకోండి. చేర్చితే 6 = 2 × 3 = 1 × 2 × 3 = 1 × 1 × 2 × 3 అవుతుంది. 1 కన్నా పెద్దదైన ప్రతి పూర్ణసంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే విధంగా రాయగలం అనే సిద్ధాంతం అక్కడితో పోతుంది.

సంబంధాల పాఠంలో ఈ అలవాటు ఎంత కాపాడుతుందో చూడండి. "సౌష్ఠవం, సంక్రమణం ఉన్న సంబంధానికి పరావర్తనం దానంతట అదే వస్తుంది" అనే వాదన మీకు ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది (పరావర్తనం అంటే ప్రతిదానికీ దానితోనే సంబంధం ఉండడం). వాదన ఇలా నడుస్తుంది: ఎకి బితో సంబంధం ఉంటే, సౌష్ఠవం వల్ల బికి ఎతో ఉంటుంది. ఈ రెంటినీ కలిపితే సంక్రమణం వల్ల ఎకి ఎతో ఉంటుంది. చదవడానికి లోపం లేనట్టే ఉంది. మీ నోటుబుక్‌లో అంచు ఉదాహరణగా ఖాళీ సంబంధం, అంటే ఏదీ దేనితోనూ సంబంధం లేనిది, రాసుకుని ఉంటే అక్కడే దొరికిపోతుంది. ఎకి సంబంధం ఉన్న బి అసలు ఒకటి ఉండాలని ఎవరు చెప్పారు?

2. "ప్రతి", "ఏదో ఒక" అనే మాటల వరుసను గమనించండి

"ప్రతి పూర్ణసంఖ్య ఎక్స్‌కూ దానికన్నా పెద్దదైన పూర్ణసంఖ్య వై ఒకటి ఉంది." ఇది నిజం. "ప్రతి పూర్ణసంఖ్య ఎక్స్ కన్నా పెద్దదైన పూర్ణసంఖ్య వై ఒకటి ఉంది." ఇది అబద్ధం. రెంటిలోనూ ఉన్నవి దాదాపు అవే మాటలు. మొదటిదానిలో ఎక్స్ చూశాక వై ఎంచుకుంటాం. రెండోదానిలో ఒకే వై అందరికీ సరిపోవాలి.

వరుస తికమక పెడితే ఇద్దరి మధ్య పోటీలా ఆడి చూడండి. "ప్రతి" వచ్చినచోట ఎదుటివాడు తనకిష్టమైన విలువ ఇస్తాడు. "ఏదో ఒక" వచ్చినచోట మీరు ఇస్తారు. వాక్యంలో ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే ఎత్తులు వేయాలి. ఎదుటివాడు ఏమిచ్చినా మీరు గెలవగలిగితే వాక్యం నిజం.

ఒక వాక్యాన్ని వ్యతిరేకించడం కూడా రోజూ సాధన చేయండి. "క్లాసులో ప్రతి విద్యార్థీ కనీసం ఒక లెక్క చేశాడు" అనేదానికి వ్యతిరేకం "ఎవరూ ఏ లెక్కా చేయలేదు" కాదు. "ఒక్క లెక్క కూడా చేయని విద్యార్థి ఒకడైనా ఉన్నాడు" అనేది. కాంట్రడిక్షన్ పద్ధతిలో, అంటే వ్యతిరేకం నిజమనుకుని వైరుధ్యం తెచ్చే పద్ధతిలో, రాసే నిరూపణలు ఎక్కువగా చెడేది ఈ మొదటి వాక్యం దగ్గరే. అక్కడ తప్పుడు వ్యతిరేకం రాస్తే తర్వాత ఎంత బాగా రాసినా మీరు నిరూపించేది వేరే సంగతి.

శూన్య సమితి మీద "ప్రతి" ఎందుకు నిజమవుతుందన్నది మరో చిక్కు. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు ఇది సులువు. పైథాన్‌లో ఖాళీ జాబితాను ఆల్ అనే ఫంక్షన్‌కి ఇస్తే ట్రూ వస్తుంది, ఎనీ అనేదానికి ఇస్తే ఫాల్స్ వస్తుంది. తప్పని చూపించే మూలకం ఒక్కటీ దొరకలేదు కాబట్టి "ప్రతి" నిలబడింది. సరైనది ఒక్కటీ దొరకలేదు కాబట్టి "ఏదో ఒక" పడిపోయింది.

3. నిరూపించే ముందు చిన్న విలువలు వేసి చూడండి, కానీ వాటిని నమ్మేయకండి

ప్రశ్న చేతికి రాగానే ఎన్ = 0, 1, 2, 3 వేసి చూడండి. కోడ్ రాయగలగడం ఇక్కడ మీకున్న పెద్ద బలం, దాన్ని వాడండి. పది వరుసల ప్రోగ్రామ్‌తో వెయ్యి విలువలు పరీక్షించవచ్చు. ప్రత్యుదాహరణ, అంటే మాట తప్పని చూపే ఉదాహరణ, ఉంటే చాలాసార్లు అక్కడే బయటపడి, లేనిదాన్ని నిరూపించడానికి సాయంత్రం అంతా పోగొట్టుకోకుండా కాపాడుతుంది.

పరీక్షకు హద్దు కూడా తెలిసి ఉండాలి. ఎన్² + ఎన్ + 41 తీసుకోండి. ఎన్‌కి 0 నుంచి 39 వరకు ఏ విలువ వేసినా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 వేస్తే 1681 వస్తుంది, అది 41 × 41. ఇంకొకటి: వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెంటినీ గీతతో కలపండి. ఏ మూడు గీతలూ లోపల ఒకేచోట కలవకుండా చూడండి. వృత్తం ఎన్ని ముక్కలవుతుంది? ఒక బిందువుకు 1, తర్వాత 2, 4, 8, 16. ఇక్కడ ఎవరైనా 32 అనే అంటారు. ఆరు బిందువులకు వచ్చేవి 31 ముక్కలు. ఇది కాగితం మీద మీరే గీసి లెక్కపెట్టండి. చెబితే వినడం కన్నా ఆ ముప్పై రెండో ముక్క కోసం వెతకడం ఎక్కువ నేర్పిస్తుంది.

4. చిత్తు వేరు, ఫెయిర్ వేరు

నిరూపణ వెతికే దారి ఒకటి, దాన్ని రాసే దారి మరొకటి. చిత్తు కాగితం మీద ఫలితం నుంచి వెనక్కి నడవండి, బొమ్మలు గీయండి, ఏదైనా చేయండి. ఫెయిర్ కాపీ మాత్రం ఇచ్చినదానితో మొదలై, కావలసినదానితో ముగియాలి. నిరూపించాల్సిన సమీకరణంతో మొదలుపెట్టి, రెండు వైపులా కుదించి, చివరికి 0 = 0 తెచ్చి పూర్తయిందని రాయడం చాలా ఎక్కువగా కనిపించే తప్పు. 1 = −1 అనే అబద్ధాన్ని రెండు వైపులా వర్గం చేసినా 1 = 1 అనే నిజం వస్తుంది. నిజం దగ్గరికి చేరినంత మాత్రాన బయల్దేరిన చోటు నిజమైపోదు.

ఒక చిన్న నిరూపణ పూర్తిగా రాసి చూద్దాం. "ఎన్² సరి సంఖ్య అయితే ఎన్ కూడా సరి సంఖ్యే." నేరుగా వెళితే ఎన్² = 2కె దగ్గర ఆగిపోతాం, వర్గమూలం తీస్తే ఎటూ పోదు. అందుకని ప్రతివర్తితం, అంటే అదే మాటను "ఫలితం లేకపోతే షరతూ లేదు" అని తిప్పి చెప్పింది, నిరూపిద్దాం (రెండూ ఒకటే మాట): ఎన్ బేసి అయితే ఎన్² బేసి. ఫెయిర్ కాపీ ఇలా ఉండాలి.

"ప్రతివర్తితాన్ని నిరూపిస్తాం. ఎన్ ఒక బేసి సంఖ్య అనుకుందాం. అప్పుడు ఎన్ = 2కె + 1 అయ్యేలా ఒక పూర్ణసంఖ్య కె ఉంటుంది. కాబట్టి ఎన్² = 4కె² + 4కె + 1 = 2(2కె² + 2కె) + 1. ఇక్కడ 2కె² + 2కె పూర్ణసంఖ్య. కాబట్టి నిర్వచనం ప్రకారం ఎన్² బేసి సంఖ్య."

ఇందులో గమనించాల్సినవి మూడు. ఏ పద్ధతో మొదటి వాక్యంలోనే చెప్పాం. కె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాకే వాడాం. చివర నిర్వచనం దగ్గరికే తిరిగి వచ్చాం. సమీకరణాల మధ్య మాటలు లేని నిరూపణ, దిద్దేవాళ్లకు మీ ఆలోచనను ఊహించే పని పెడుతుంది. వాళ్లు ఊహించరు, మార్కు తీసేస్తారు. అలా తీయడం న్యాయమే.

అక్షరాల విషయంలో ఒక హెచ్చరిక. రెండు బేసి సంఖ్యల మొత్తం సరి అని నిరూపించమంటే "ఎ = 2కె + 1, బి = 2కె + 1" అని రాసేవాళ్లు ఉంటారు. అలా రాస్తే ఎ, బి రెండూ ఒకటే సంఖ్య అయిపోయాయి. రెండోదానికి ఎల్ అనో ఎం అనో మరో అక్షరం తీసుకోండి.

5. గణితానుగమనం మీద మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టండి

ఒక మాట మొదటి కేసుకు నిజమని, కెకి నిజమైతే కె + 1కీ నిజమని చూపి, అన్నిటికీ నిజమని తేల్చడమే అనుగమనం. కోర్సు మొత్తంలో ఒక్క పాఠాన్నే గట్టిగా నేర్చుకునే వీలుంటే నేను దీన్నే ఎంచుకోమంటాను. రికర్షన్ సరిగ్గా పనిచేస్తుందని, లూప్ సరైన జవాబే ఇస్తుందని, ట్రీలో ఫలానా గుణం ఉందని చూపించడానికి తర్వాతి కోర్సులన్నీ దీని మీదే ఆధారపడతాయి.

1 + 2 + … + ఎన్ లాంటి మొత్తాలతో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగకండి. వాటిలో బీజగణితం తప్ప ఆలోచన తక్కువ. రెండో వారానికే ఇలాంటిది ప్రయత్నించండి: ఒక్కో వైపు 2^ఎన్ గడులున్న చదరపు బోర్డు ఉంది. అందులో ఏదో ఒక గడి తీసేశారు. మిగిలిన బోర్డును మూడేసి గడులున్న ఎల్ ఆకారపు ముక్కలతో ఖాళీ లేకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా నింపగలమా? ఎన్ = 1 అయితే 2 × 2 బోర్డులో ఒక గడి పోతే మిగిలేది సరిగ్గా ఒక ఎల్ ముక్కే. ఇక ఎన్ = కె అయినప్పుడు, ఏ గడి తీసేసినా నింపగలం అనుకుందాం. తర్వాతి బోర్డును నాలుగు సమాన భాగాలు చేయండి. తీసేసిన గడి ఒక భాగంలో ఉంటుంది. మిగతా మూడు భాగాలు బోర్డు మధ్యలో కలుసుకునే చోట, ఒక్కో భాగం నుంచి ఒక్కో గడిని కప్పేలా ఒక ఎల్ ముక్క పెట్టండి. ఇప్పుడు నాలుగు భాగాల్లోనూ ఒక్కో గడి లేనట్టే. అనుకున్న మాట నాలుగుసార్లు వాడితే పని పూర్తయింది. ఈ నిరూపణను ఉన్నది ఉన్నట్టు రికర్సివ్ ఫంక్షన్‌గా రాయవచ్చు, తప్పకుండా రాసి చూడండి.

తర్వాత తప్పుడు నిరూపణలు చదవండి. "గుర్రాలన్నీ ఒకే రంగు" అనేది పేరున్నది. ఒక్క గుర్రం ఉంటే నిజమే. కె గుర్రాల ఏ గుంపైనా ఒకే రంగు అనుకుని, కె + 1 గుర్రాలు తీసుకుని, మొదటిదాన్ని పక్కన పెడితే మిగిలిన కె ఒకే రంగు, చివరిదాన్ని పక్కన పెడితే మిగిలిన కె ఒకే రంగు, మధ్యలో ఉన్నవి రెండు గుంపుల్లోనూ ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకే రంగు అంటారు. లోపం ఎక్కడో కింది వాక్యం చదవకముందే వెతకండి. కె = 1 నుంచి 2కి వెళ్లేటప్పుడు "మధ్యలో ఉన్నవి" అంటూ ఏమీ లేవు. మిగతా మెట్లన్నీ గట్టివే, ఆ ఒక్క మెట్టు లేదు. అందుకే అనుగమన మెట్టు రాశాక, మొదటి కేసు నుంచి రెండోదానికి అది నిజంగా పనిచేస్తోందా అని ప్రతిసారీ విడిగా చూడండి.

ఆనర్స్ పేపర్లలో అనుగమనం ఇరుక్కుపోయే ప్రశ్నలు కావాలనే ఇస్తారు. 1 + 1/4 + 1/9 + … + 1/ఎన్² ఎప్పుడూ 2 కన్నా తక్కువే అని నిరూపించమన్నారనుకోండి. కె వరకు మొత్తం 2 కన్నా తక్కువ అని తెలిసినా, ఇంకో పదం కలిపితే 2 దాటదని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఇలాంటప్పుడు ఇంకా బలమైన మాట నిరూపించాలి: మొత్తం 2 − 1/ఎన్ కన్నా ఎక్కువ కాదు. ఎన్ = 1కి రెండు వైపులా 1. మెట్టు దగ్గర 1/(కె+1)² అనేది 1/(కె(కె+1)) కన్నా తక్కువ, ఇది 1/కె − 1/(కె+1)కి సమానం. కలిపితే సరిగ్గా కుదురుతుంది. కష్టమైనది సులువుగా, సులువైనది కష్టంగా అవడం మొదట వింతగా ఉంటుంది. కారణం ఇది: అనుగమనంలో మీరు నిరూపించాల్సిన మాటే మీ చేతిలో పనిముట్టు కూడా. మాట బలంగా ఉంటే పనిముట్టూ బలంగా ఉంటుంది.

గ్రాఫుల మీద అనుగమనం చేసేటప్పుడు ఒక గొయ్యి ఉంది. "ప్రతి శీర్షానికీ కనీసం ఒక ఎడ్జ్ (శీర్షాలను కలిపే గీత) ఉంటే గ్రాఫ్ కనెక్టెడ్, అంటే ఏ శీర్షం నుంచైనా ఏ శీర్షానికైనా వెళ్లవచ్చు" అనే అబద్ధాన్ని ఇలా "నిరూపిస్తారు": కె శీర్షాల గ్రాఫ్ కనెక్టెడ్ అనుకుని, కొత్త శీర్షం ఒకటి చేర్చి, దానికి కనీసం ఒక ఎడ్జ్ ఉండాలి కాబట్టి అదీ కలిసిపోయిందంటారు. నాలుగు శీర్షాలు, ఒకదాన్నొకటి తాకని రెండు ఎడ్జులు గీస్తే మాట తప్పని తెలుస్తుంది. చిన్న గ్రాఫ్‌కు చేర్చుకుంటూ పోతే పెద్ద గ్రాఫులన్నీ వస్తాయన్న హామీ లేదు. కాబట్టి ఎప్పుడూ కె + 1 శీర్షాలున్న ఏదో ఒక గ్రాఫ్‌తో మొదలుపెట్టి, ఒక శీర్షం తీసేసి, మిగిలినదానికి అనుకున్న షరతులన్నీ ఇంకా ఉన్నాయో లేదో చూసి, ఆ తర్వాతే అనుగమన మాట వాడండి. పై ఉదాహరణలో ఒక శీర్షం తీయగానే దాని జోడీకి ఎడ్జ్ మిగలదు, వాదన అక్కడే ఆగుతుంది.

లూపులకూ ఇదే పద్ధతి. బైనరీ సెర్చ్ రాసి, "వెతికే విలువ అర్రేలో ఉంటే అది కింది హద్దుకూ పై హద్దుకూ మధ్యనే ఉంది" అనే మాట లూప్ ప్రతి తిరుగుడు తర్వాతా నిలుస్తోందని నిరూపించండి. ఆ తర్వాత హద్దుల మధ్య దూరం ప్రతిసారీ కచ్చితంగా తగ్గుతోందని కూడా చూపించాలి. రెండోది మర్చిపోతే ఎప్పటికీ ఆగని ప్రోగ్రామ్‌కు కూడా మీరు సర్టిఫికెట్ ఇచ్చినట్టే.

6. లెక్కింపులో ప్రతి జవాబునూ రెండు దారుల్లో సరిచూడండి

పది మందిలో నలుగురు సీనియర్లు. కనీసం ఒక సీనియర్ ఉండేలా నలుగురి జట్టు ఎన్ని విధాలుగా వేయవచ్చు? ముందు ఒక సీనియర్‌ను 4 విధాల్లో ఎంచుకుని, మిగిలిన 9 మందిలో ముగ్గురిని 84 విధాల్లో ఎంచుకుంటే 336 వస్తుంది. అసలు పది మందిలో ఏ షరతూ లేకుండా నలుగురిని ఎంచుకునే విధాలే 210! ఇద్దరు సీనియర్లున్న జట్టును రెండుసార్లు, ముగ్గురున్నదాన్ని మూడుసార్లు లెక్కపెట్టడం వల్ల ఇలా అయింది. సీనియర్లు అసలు లేని జట్లు 15, కాబట్టి జవాబు 195.

లెక్కింపు తప్పులు ఇలాగే మాటల్లో సాఫీగా వెళ్లిపోతాయి. అందుకే నా సలహా: హోంవర్క్‌లో ప్రతి లెక్కింపు ప్రశ్నకూ అన్ని విధాలనూ నిజంగా తయారుచేసి లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ రాయండి. జవాబు కలవకపోతే ఏ జట్టు రెండుసార్లు వచ్చిందో ప్రింట్ చేయించి చూడండి. పరీక్షలో కంప్యూటర్ ఉండదు కాబట్టి, అక్కడ సంఖ్యలు చిన్నవి చేసి చేత్తో రాసి చూడాలి.

పావురాల గూళ్ల సూత్రం చెప్పడానికి ఒక్క వాక్యమే: గూళ్ల కన్నా పావురాలు ఎక్కువైతే ఏదో ఒక గూటిలో రెండు ఉంటాయి. కష్టమంతా పావురం ఏది, గూడు ఏది అని గుర్తించడంలో ఉంది. ప్రతి ఫైల్‌నూ తప్పకుండా చిన్నది చేసి, మళ్లీ యథాతథంగా తిరిగి ఇచ్చే కంప్రెషన్ ప్రోగ్రామ్ ఉండదని దీనితో మూడు వరుసల్లో నిరూపించవచ్చు. ఎన్ బిట్ల ఫైళ్లు 2^ఎన్ ఉన్నాయి. అంతకన్నా చిన్న ఫైళ్లన్నీ, ఖాళీ ఫైల్‌తో సహా, కలిపితే 2^ఎన్ − 1 మాత్రమే. కాబట్టి రెండు వేర్వేరు ఫైళ్లు కుదించాక ఒకటే అవుతాయి, వాటిలో ఏది తిరిగి ఇవ్వాలో ప్రోగ్రామ్‌కు తెలియదు. ఇది అర్థమైతే దీని మీద చేయి వేయండి: 1 నుంచి 2ఎన్ వరకు ఉన్న సంఖ్యల్లో ఏ ఎన్ + 1 సంఖ్యలు తీసుకున్నా, వాటిలో ఒకటి మరొకదాన్ని భాగిస్తుంది. ప్రతి సంఖ్యలోంచి 2లన్నీ బయటికి తీసేశాక ఏం మిగులుతుందో చూడండి, అంతకు మించి సూచన ఇవ్వను.

7. సంఖ్యా సిద్ధాంతాన్ని చిన్న అంకెలతో చేత్తో చేయండి

ఈ భాగం మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు. యూక్లిడ్ పద్ధతితో గ.సా.భా. కనుక్కోవడం, దాన్ని వెనక్కి నడిపి మాడ్యులో విలోమం (గుణిస్తే శేషం 1 వచ్చే సంఖ్య) తేల్చడం రెండూ కళ్లు మూసుకుని చేయగలిగేలా సాధన చేయండి. తర్వాత 1977లో రూపొందిన ఆర్ఎస్ఏ అనే రహస్య సందేశాల పద్ధతిని ఒక్కసారి పూర్తిగా చేత్తో నడపండి. ప్రధాన సంఖ్యలు 5, 11 తీసుకుంటే లబ్ధం 55, (5 − 1)(11 − 1) = 40. బహిరంగ ఘాతం 3 అనుకుంటే రహస్య ఘాతం 27, ఎందుకంటే 3 × 27 = 81, దాన్ని 40తో భాగిస్తే శేషం 1. సందేశం 2 అయితే పంపేది 8. ఇప్పుడు 8^27ను 55తో భాగిస్తే వచ్చే శేషం 2 అని, మళ్లీ మళ్లీ వర్గం చేసే పద్ధతితో తేల్చండి. 8, 9, 26, 16, 36 అని వరుసగా వస్తాయి, వాటిలో కావలసినవి గుణించాలి. అంకెలు చేతిలో తిరిగాక సాధారణ నిరూపణ చదివితే ప్రతి వరుసా ఎందుకుందో తెలుస్తుంది.

8. మీ నిరూపణను మీరే శత్రువులా చదవండి

నాలుగు రంగుల సమస్య 1852 నాటిది: ఏ మ్యాప్‌కైనా పక్కపక్క ప్రాంతాలకు వేర్వేరు రంగులు పడేలా నాలుగు రంగులు చాలా? 1879లో ఆల్ఫ్రెడ్ కెంప్ నిరూపణ ప్రచురించాడు. అందరూ ఒప్పుకున్నారు. 1890లో పెర్సీ హీవుడ్ అందులో లోపం చూపించాడు. అంటే పదకొండేళ్లు అది సరైనదిగానే చలామణీ అయింది. సరైన నిరూపణ 1976లో, అపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో చేసినది. కెంప్ ఆలోచన మాత్రం వృథా పోలేదు, దాంతోనే హీవుడ్ ఐదు రంగులు చాలని నిరూపించాడు. నిపుణుల కళ్లే తప్పిపోయినప్పుడు, రాసిన గంటకే మన నిరూపణలో లోపం మనకు కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అందుకే ఫెయిర్ రాసి ఒక రాత్రి పక్కన పెట్టండి. మర్నాడు ప్రతి వాక్యం పక్కనా కారణం రాయండి: ఇచ్చినది, నిర్వచనం, ఫలానా సిద్ధాంతం, పై వరుస. కారణం రాయలేని వాక్యమే లోపం. "స్పష్టంగా", "సులభంగా చూడవచ్చు" అన్న మాటలు కనిపించినచోట ఆగండి, మనకు తెలియనిదాన్ని దాటేసేది ఎక్కువగా అక్కడే. ప్రశ్నలో ఇచ్చిన ప్రతి షరతునూ నిరూపణలో ఎక్కడో వాడారా అని కూడా చూడండి. ఒకదాన్ని వాడకుండానే పని అయిపోయిందంటే, మీరు అడిగినదానికన్నా బలమైన సిద్ధాంతం నిరూపించి ఉండాలి, లేదా ఎక్కడో జారి ఉండాలి. రెండోదే ఎక్కువసార్లు నిజం.

9. హోంవర్క్ వారం ఎలా నడపాలి

ప్రశ్నలు ఇచ్చిన రోజే అన్నీ చదవండి, ఒక్కటీ చేయకపోయినా ఫర్వాలేదు. చదివిన ప్రశ్న నడుస్తున్నప్పుడు, నిద్రపోయే ముందు మనసులో తిరుగుతూ ఉంటుంది. గడువుకు ముందు రాత్రి మొదటిసారి చదివితే ఆ లాభం పోతుంది, టెన్షన్ ఒక్కటే మిగులుతుంది.

ఇరుక్కుపోతే ఊరికే కాగితం వైపు చూస్తూ కూర్చోకండి. ఇచ్చినవాటినీ కావలసినదాన్నీ నిర్వచనాలతో విప్పి రాయండి. ఇంకా చిన్న కేసు తీసుకోండి. ఒక షరతు తీసేసి, మాట ఎక్కడ విరుగుతుందో చూడండి, ఆ షరతు నిరూపణలో ఎక్కడ పనికొస్తుందో దాంతో తెలుస్తుంది. అబద్ధమని చూపించడానికి గట్టిగా ప్రయత్నించండి. ప్రత్యుదాహరణ కట్టబోతే ప్రతిసారీ ఏది అడ్డుపడుతోందో, చాలాసార్లు అదే నిరూపణ.

స్నేహితులతో చర్చించడం మంచిదే, కోర్సు నియమాలు ఒప్పుకున్నంత వరకు. చర్చలోంచి కాగితాలు తెచ్చుకోకండి. గది మారాక గుర్తున్నదానితో మీరే రాయండి. రాయలేకపోతే అక్కడ అర్థం చేసుకున్నది మీ స్నేహితుడు, మీరు కాదు. ఇంటర్నెట్‌లో దొరికే జవాబులకూ, ఏఐ టూల్స్ ఇచ్చే నిరూపణలకూ ఇదే వర్తిస్తుంది. చదవగానే తెలిసిపోయిందన్న భావన వచ్చి, అసలు కష్టపడాల్సిన చోటును దాటించేస్తుంది. వాటిని వాడాలనే ఉంటే, మీ ప్రయత్నం పూర్తయ్యాక, దిద్దేవాళ్ల పాత్రలో వాడండి: ఆ నిరూపణకు మీరే మార్కులు వేయండి, లోపం వెతకండి. జవాబు చూడక తప్పని పరిస్థితి వస్తే ఒక్క వరుస చూసి మూసేయండి, మిగతాది ప్రయత్నించండి. అలా చూసి చేసిన ప్రశ్నకు గుర్తు పెట్టుకుని, రెండు రోజుల తర్వాత ఏమీ చూడకుండా మళ్లీ రాయండి.

10. పరీక్షలోనూ, పేపర్ తిరిగొచ్చాక కూడా

మొదటి ఐదు నిమిషాలు అన్ని ప్రశ్నలూ చదవడానికే. నిరూపణ తట్టని ప్రశ్నకు కూడా కాగితం ఖాళీగా వదలకండి. ఏ పద్ధతి వాడబోతున్నారో, ఏది అనుకుంటున్నారో, ఏది చూపించాలో నిర్వచనాలతో రాయండి. అనుగమనమైతే మొదటి కేసు, అనుగమన మాట స్పష్టంగా రాయండి. అందులోంచే దారి కనిపించడం తరచూ జరుగుతుంది, కనిపించకపోయినా దానికి కొన్ని మార్కులు ఉండొచ్చు. మధ్యలో ఒక మెట్టు తెలియకపోతే "ఈ మెట్టు నిరూపించలేకపోయాను, ఇది నిజమనుకుంటే మిగతాది ఇలా" అని రాయండి. మాటలతో దాచిన లోపం కన్నా చెప్పి వదిలిన లోపాన్ని దిద్దేవాళ్లు ఎక్కువ గౌరవిస్తారు.

పేపర్ చేతికి రాగానే మొత్తం మార్కులు చూసి లోపల పెట్టేయకండి. మార్కు పోయిన ప్రతి నిరూపణనూ జవాబుల కాగితం చూడకుండా తిరిగి రాయండి. ఇప్పుడూ రాయలేకపోయినవాటిని, ఎక్కడ ఆగిపోయారో ఆ వాక్యం కింద గీత గీసి, ఆఫీస్ అవర్స్‌కు తీసుకెళ్లండి. "ఇది అర్థం కాలేదు" అని అడగకండి, "ఈ వరుస నుంచి ఈ వరుసకు ఎలా వెళ్లాలి?" అని అడగండి. అప్పుడు చెప్పేవాళ్లకు కూడా ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది.